గడప మీది చెంబు

మా వదినె పోయిందన్న కబురు, చర్చి తాళంచెవులు ఎక్కడున్నాయన్న ప్రశ్న నాకు ఒకే ఫోనులో వచ్చాయి. అందులో ముందు వచ్చింది తాళంచెవుల సంగతి.

శుక్రవారం పొద్దున. వేపపుల్ల నోట్లో పెట్టుకుని వాకిట్లో కూర్చున్నాను. ఫోను చేసింది మా స్త్రీల సమాజంలో ఒకామె.

"పెద్దయ్యా, చర్చి తాళాలు నీ దగ్గరేమన్న ఉన్నయా? ఉపాస ప్రార్థనకు జంపఖానాలు తియ్యాలె."

"నా దగ్గరెందుకుంటయి? మా వదినెనడుగు."

"అడుగుదామనే వాళ్లింటికొచ్చిన. పిలిస్తె పలుకుతలేదు. కూసున్నది కూసున్నట్టే గోడకొరిగింది. చెయ్యి పట్టుకుంటె సల్లగున్నది పెద్దయ్యా."

పుల్ల ఉమ్మేసి పరుగెత్తాను. నా వయసులో దాన్ని పరుగనరు, అయినా పరుగెత్తాను. వదినె కోడలు పాలు పోయడానికి పాల కేంద్రానికి పోయింది, ఇంకా రాలేదు. వదినె గోడకు ఆనుకుని ఉంది. ఒళ్లో బైబిలు తెరిచి ఉంది. గడప దగ్గర ఇత్తడి చెంబు పక్కకు పడి ఉంది. నీళ్లు వాకిట్లోకి పారి, మట్టి అప్పటికే తాగేసింది. తాళాల కోసం వచ్చినామె కాలికి తగిలి పడింది ఆ చెంబు. బతికున్నప్పుడు ఎట్లా చేశామో, చచ్చిన నాడూ అట్లాగే చేశాం.

ఈ చెంబు సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను. భూస్థాపన నాడు చాలామంది చాలా మాట్లాడారు. చెంబు మాట ఒక్కరూ ఎత్తలేదు. నేను చదువుకున్నవాణ్ణి కాదు, రాతి మేస్త్రీని. మోత్కూర్ నుంచి ఆటోలో ఇరవై నిమిషాలు వస్తే మా ఊరు. అక్కడి చర్చి గోడలు నేను కట్టినవే. తూకంగుండు పట్టి చూసుకోండి, ఇవాళ్టికీ గింజంత వంకర లేదు. ఆ చర్చికి చాలా ఏళ్లుగా సంఘపెద్దను కూడా నేనే. కాబట్టి ఇందులో తిట్టే తిట్లు బయటివాడు తిడుతున్నవి కావు. నేను చెప్పింది మా మనవరాలు రాసింది, మెత్తగా మార్చొద్దని చెప్పాను.

వదినె అంటే మా అన్న భార్య. మా అన్న పోయాక కొడుకు దగ్గరే ఉంది. రెండు గదుల ఇల్లు. ఒకదాంట్లో కొడుకూ కోడలూ పిల్లలూ. ఇంకోదాంట్లో వంట, వడ్ల బస్తాలు, ఒక మేక, ఒక మూలన వదినె. ప్రార్థన చేసుకోవడానికి ఆమెకంటూ ఉన్న జాగా గడపకు లోపలివైపు, తలుపుకూ బస్తాలకూ నడుమ పీట పట్టేంత. తెల్లారగట్ల లేచి, మొహం కడిగి, చెంబు నిండా నీళ్లు పోసి గడప మీద పెట్టేది. పెట్టి పీట మీద కూర్చునేది. చెంబు గడప మీద ఉన్నంతసేపు ఆమెను పిలవొద్దు. ఒక్క గంట. ఎండ చెంబు మీద పడ్డాక ఆ నీళ్లు తులసికో కాదు, చెట్టుకో కాదు, తన నోట్లోనే పోసుకుని గటగట తాగి లేచేది.

"తలుపు మూస్కోని చేసుకోరాదు వదినె?" అని ఒకసారి అడిగాను.

"మూస్తె సచ్చిందేమో అని కొడ్తరు. తెరిస్తె ఊరంత లోపటికొస్తది. గందుకే చెంబు. సిగ్గున్నోడైతె ఆగుతడు."

"సిగ్గు లేనోడైతె?"

"నీ అసొంటోడైతె దాటొస్తడు," అంది.

మా వదినె నన్ను పేరు పెట్టి పిలవలేదు ఎప్పుడూ. కోపమొస్తే మేస్త్రీ, నవ్వొస్తే మేస్త్రీ. ఆమెకు అక్షరాలు వచ్చింది యాభై దాటాక. తన మనవరాలు ఒకటో తరగతిలో పలక పట్టుకుంటే పక్కన కూర్చుని తానూ దిద్దింది. తనకు వచ్చాక నన్ను పట్టుకుంది. సంఘపెద్ద రిజిస్టరులో వేలిముద్ర వేస్తుంటే తనకు తల కొట్టేసినట్టు ఉంటుందట. నేను ముందు ఒప్పుకోలేదు. ఆడమనిషి దగ్గర, అందునా వదినె దగ్గర అక్షరాలు దిద్దుడేంది అని మొండికేశాను. రెండేళ్లు నా వెంట పడింది.

"గోడ కడ్తె గీత తప్పదు. నువ్వు రాసిన అక్షరం చూస్తె ఇప్పుడు కూలుతదా ఇంక జరసేపుంటదా అన్నట్టున్నది మేస్త్రీ," అని నవ్వేది.

ఇవాళ నేను చదవగలిగే ప్రతి ముక్కా ఆమె పెట్టిన భిక్షే. అది దాచుకోను.

చదువు వచ్చిన నాటి నుంచి ఆమెకు ఒకటే కోరిక. చచ్చేలోపు బైబిలు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా తన కళ్లతో ఒక్కసారి చదవాలి. పండుగకు కట్టిన నారాయణపేట చీర చిరిగిపోతే, దాని అంచులోంచి వేలెడు వెడల్పు ముక్క కత్తిరించి పేజీలో పెట్టుకుంది. ఎంతదాకా వచ్చిందో ఆ అంచు ముక్కే గుర్తు. రోజుకు ఒక పేజీ. ఒక్కోనాడు అరపేజీ. వేలు పెట్టి, పెదవులు కదిలించి చదివేది. అర్థం కానిచోట ఆగి, పైకి చూసి, "గిదేందయ్యా?" అని నేరుగా దేవుణ్ణే అడిగేది. నేను చెవులారా విన్నాను.

ఇక ఆ గంట మీద మేం పడ్డ పడుడు చెబుతాను. చర్చి ఊడ్వాలంటే వదినె. జంపఖానాలు దులపాలంటే వదినె. శనివారం ఇంటింటికీ తిరిగి పిడికెడు బియ్యం జమ చేయాలంటే వదినె. ఎవరికి జ్వరమొచ్చినా నూనె సీసా పట్టుకుని ప్రార్థనకు పోయేది వదినె. బయటి నుంచి ప్రసంగీకుడు వస్తే ఆయనకు వేడినీళ్లు, ఆయన డ్రైవరుకు చాయ. అన్నింటికీ మనిషి పొద్దున్నే ఆ ఇంటికే పోవాలి. పొద్దున గడప మీద చెంబు ఉంటుంది. దాటడమే. కొందరు "ఒక్క నిమిషం పెద్దమ్మా" అని దాటేవాళ్లు. కొందరు అది కూడా అనకుండా దాటేవాళ్లు. చీరకుచ్చిళ్లు తగిలి, కాలు తగిలి నీళ్లు ఒలికేవి. వదినె వేలు పేజీ మీద అట్లాగే ఉంచి, తల ఎత్తి, "చెప్పు బిడ్డా" అనేది. అందరికంటే ఎక్కువసార్లు దాటింది నేను. సంఘపెద్దను కదా, నాకు హక్కుందనుకున్నాను.

"దేవుని పనే కద వదినె. ఊడుస్తాంటె ప్రార్థన చేస్కుంటె కాదా?" అన్నాను ఒకనాడు.

"నీ పెండ్లాం నీకు అన్నం వండి పెట్టి, ఒక్క మాట మాట్లాడకుంట పనికి పోతే నీకు బాగుంటదా?"

"అదీ ఇదీ ఒకటా?"

"ఒకటే. వండిపెట్టుడు వేరె, పక్కన కూసునుడు వేరె."

నాకు కోపమొచ్చి, జంపఖానాలు ఇంకా దులపలేదని అరిచి వచ్చాను.

పక్కింటామె మా మతం కాదు. వాళ్లు శివుణ్ణి కొలుస్తారు. ఆమె మేకపిల్ల తాడు తెంపుకుని వదినె వాళ్లింటి వైపు ఉరికితే, చెంబును చూసి, గడప ఇవతలే నిలబడి "టుర్ర్, టుర్ర్" అని మెల్లగా పిలిచేది. లోపలికి పోయేది కాదు. ఒకసారి నేను చెంబు దాటి బయటకు వస్తుంటే చూసి అంది.

"ఏందయ్యా పెద్దమనిషీ! ఆమె మీ దేవునితోనే కద మాట్లాడ్తాంది. నడుమ మీరే అడ్డం పడ్తరేంది?"

ఆ మాట నాకు చెంపదెబ్బలా తగిలింది. తగిలినా మారలేదు. ఇదీ రాయాల్సిందే.

తెలంగాణ వచ్చిన రెండో ఏడు వదినె పని మానేసింది. చెప్పాపెట్టకుండా కాదు. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక చీపురు తెచ్చి మా పాస్టరు అయ్యగారి ముందు పెట్టి, "కొన్ని దినాలు వేరెటోళ్లు పట్టుకోండ్రి. నాకు పుస్తకం ఉన్నది," అంది. తర్వాతి ఆదివారం చర్చికి వచ్చి మూడో వరుసలో జనం నడుమ కూర్చుంది. దాని తర్వాతి ఆదివారం కూడా కూర్చుంది. నమ్మండి, సంఘంలో ఆమె మీద వచ్చిన ఫిర్యాదు ఇదే. ఆమె కూర్చుంటోంది! ఆమె లేక చర్చి వంటలో అన్నం మాడింది. అయ్యగారి పళ్లెంలోకి కూడా మాడు వచ్చింది. అప్పుడు అయ్యగారు నన్ను పక్కకు పిలిచారు.

"వదినెగారు ఆత్మలో చల్లబడుతున్నారు. సేవలో వెనుకబడితే విశ్వాసంలో వెనుకబడినట్టే. మీరు పెద్దవారు, వెళ్లి గద్దించండి."

నాకు గద్దించడమంటే మహా ఇష్టం. తెల్లారే పోయాను. చెంబు దాటాను. నీళ్లు కొంచెం ఒలికాయి. నిలబడే మొదలుపెట్టాను.

"ఏంది వదినె, ముసలితనంల కొత్త ఏషాలు? సంఘమంత నవ్వుతాంది. ప్రభు సేవ వద్దనేంత పెద్దదానివైనవా?"

"కూసో మేస్త్రీ."

"కూసునుటానికి రాలే."

"గదే మీ రోగం," అంది. "సేవ వద్దనలే నేను. ఒక్క గంట విడువుండ్రి అన్న. పైకి పోయినంక, నా పుస్తకం సదివినవా అని ఆయన అడిగితె ఏం చెప్పాలె? జంపఖానాలు దులిపిన అని చెప్పాల్నా?"

"ఆయనకు అన్నీ తెలుసు."

"ఆయనకు తెలుసు. నీకే తెల్వది. ఒక్కటి అడుగుత, చెప్పు. బల్ల ఆదివారం రొట్టె ఎవరు చేస్తరు?"

"నువ్వే."

తెలియనివాళ్లకు చెప్పాలి. మా దగ్గర నెలలో మొదటి ఆదివారం ప్రభు బల్ల. పులియని పిండితో రొట్టె చేసి, చిన్న చిన్న ముక్కలుగా కోసి, పళ్లెంలో పెడతారు. బాప్తిస్మం తీసుకున్నవాళ్లు ఒక్కొక్కరు ఒక్కో ముక్క తీసుకుంటారు. మా విశ్వాసంలో అంతకన్నా పెద్దది లేదు. ఆ రొట్టె వదినె తన ఇంట్లో చేసి తెచ్చేది. ఆ పళ్లెం వరుస వరుసకూ తిప్పేది సంఘపెద్దను, నేను. ఆ రోజే మధ్యాహ్నం అందరికీ భోజనం కూడా. రొట్టె నా చేతికిచ్చి వదినె చర్చి వెనక పొయ్యి దగ్గరికి పోయేది.

"ముక్కలు ఎన్ని కోస్త?" అంది.

"సంఘంల ఎంతమందుంటె అన్ని."

"నేను సంఘంల ఉన్ననా, లేనా?"

"గదేం మాట?"

"అందర్ని తలుసుకోని, ఒక్కొక్కరి పేరు మీద ఒక్కొక్కటి కోస్త. ఆఖర్న నాది గుడ కోస్త. నువ్వు పళ్లెం తిప్పుతవు. పొయ్యి కాడికి ఒక్కనాడన్న రాలేదు ఆ పళ్లెం. మరి నా ముక్క ఎవరు తింటున్నరు మేస్త్రీ?"

నేను కూర్చున్నాను.

ఎవరు తిన్నారో నాకు తెలుసు. కొందరు రాని ఆదివారం పళ్లెంలో నాలుగైదు మిగిలేవి. అందరూ వచ్చిన ఆదివారం సరిగ్గా ఒకటి మిగిలేది. బల్ల రొట్టె పారేయకూడదు కాబట్టి సంఘపెద్ద తినేయాలి. తెర వెనక్కు పోయి నోట్లో వేసుకునేవాణ్ణి. వదినె చెయ్యి పెద్దది, ఎప్పుడూ ఒకటి ఎక్కువే కోస్తుంది అనుకునేవాణ్ణి. ఏళ్ల తరబడి మా వదినె వంతు ప్రభు బల్లను నేను తిన్నాను. గద్దించడానికి పోయినవాణ్ణి తలవంచుకుని, చెంబు పక్క నుంచి చూసుకుని అడుగు వేసి బయటికి వచ్చాను.

సంఘం కమిటీలో లేచి నిలబడి ఇదంతా చెప్పాను. ఆమె గంటలో ఎవరూ పోవద్దు, పనులు వంతుల వారీగా పంచుకోవాలి అన్నాను. అయ్యగారు మెత్తగా నవ్వి, "ఆమె సేవే ఆమె ఆరాధన," అన్నారు. నేను అన్న మాట మా మనవరాలు రాయనంటోంది. వదిలేశాను. చివరికి వంతులకు కమిటీ ఒప్పుకుంది.

పై నెల బల్ల ఆదివారం వదినె మూడో వరుసలో కూర్చుంది. పళ్లెం ముందు ఆమె దగ్గరికే తీసుకుపోయాను. ఆమె ముక్క తీసుకుని, కళ్లు మూసుకుని, నోట్లో పెట్టుకుని చాలాసేపు నమల్లేదు. అట్లాగే ఉంచుకుంది.

ఆ వంతులు మూడు నెలలు నడిచాయి. పత్తి ఏరే కాలం వచ్చింది. ఒక బల్ల ఆదివారం వంట వంతు ఉన్న ఇద్దరు ఆడవాళ్లూ చేనుకు పోయారు. ప్రసంగం సగంలో ఉండగా వదినె వెనక్కు తిరిగి చూసింది. పొయ్యి మీద పొగ లేదు. మెల్లగా లేచి చెంగు నడుముకు చుట్టుకుని వెళ్లిపోయింది. నేను చూశాను. ఆపలేదు. నిజం చెప్పాలంటే నాకూ ఆకలవుతోంది. అంతే, మళ్లీ అంతా ఆమె మీదే పడింది. నేను నిలబెట్టుకున్నది ఒక్కటే. ఆ తర్వాత ఏ బల్ల ఆదివారమైనా పళ్లెం పొయ్యి దగ్గరికి పోకుండా ఉండలేదు. ఆమె మసిచేతులు కొంగుకు తుడుచుకుని తీసుకునేది. "ఇయ్యాల నాది నాకే వచ్చింది," అని నవ్వేది.

కరోనా వచ్చి చర్చి మూసినప్పుడు అందరూ ఏడ్చారు. నేనూ ఏడ్చాను. ఒకరోజు మూతికి రుమాలు కట్టుకుని వాళ్లింటికి పోతే వదినె మొహం వెలిగిపోతోంది. చెంబు మీద ఎండ పడి ఎప్పుడో అయింది, అయినా లేవలేదు.

"చర్చికి తాళమేసిండ్రు. గా తాళం నా మీద నుంచి తీసినట్టయింది మేస్త్రీ," అంది. "ఎవరికన్న చెప్పేవు, పాపం తగుల్తది."

ఆ అంచు ముక్క ఆ కొన్ని నెలల్లో ఎంత దూరం పోయిందో! అంతకుముందు ఏళ్లకేళ్లు పట్టినంత మందం ఆ కాలంలో చదివేసింది. సగం దాటింది. నేను గడప బయట కూర్చుంటే, చదివింది నాకు చెప్పేది. ప్రసంగంలా కాదు, పక్కూళ్లో జరిగిన సంగతి చెప్పినట్టు చెప్పేది. అన్నేళ్లు చర్చిలో కూర్చుని విన్నదానికంటే ఆ గడప దగ్గర విన్నది నాకు ఎక్కువ గుర్తుంది.

చర్చి మళ్లీ తెరిచారు. తాళంచెవులు నమ్మకమైన మనిషికి ఇవ్వమని నాతో అన్నారు. ఇక్కడే నేను చేసిన తప్పు రాసి తీరాలి. నేను తిన్నగా వదినె దగ్గరికి పోయాను.

ఆమె తాళంచెవుల వైపు చూసింది. తర్వాత ఒళ్లో ఉన్న పుస్తకం వైపు చూసింది.

"ఇంకెవ్వరు లేరా?"

"నీ అంత నమ్మకం ఎవరి మీదున్నది వదినె?"

మనిషిని కట్టెయ్యడానికి తాడే అక్కర్లేదు, పొగడ్త చాలు. ఆమె చెయ్యి చాపింది. ఆ రోజు నుంచి చచ్చే రోజు దాకా ఆ చెవుల గుత్తి ఆమె నడుముకే ఉంది. దాని కోసమే పొద్దున్నే జనం. షుగరు వచ్చి కాళ్లు వాచాయి. నల్లగొండ దవాఖానకు తీసుకుపోతే డాక్టరు ఎక్కువ నిలబడొద్దన్నాడు. పండుగ నెలలో నిలబడకుండా ఎట్లా కుదురుతుంది మా సంఘంలో?

భూస్థాపన కూడికలో అయ్యగారు అన్నారు: "ఈ తల్లి ఏనాడూ విసుగు లేకుండా సేవ చేసింది." విసుగు లేదని ఆయనకు ఎవరు చెప్పారు? చీపురు ముందు పెట్టినప్పుడు ఆమె మొహం ఆయన చూడలేదా? స్త్రీల సమాజం ఆమె ఎంతమందికి వండిందో చెప్పింది. ఎంతమంది ఇళ్లకు పోయి ప్రార్థన చేసిందో చెప్పారు. అన్నీ నిజాలే. సేవ చేసింది, ప్రేమతోనే చేసింది, ఒక రోగి మంచం దగ్గర ఆమె కూర్చుంటే ఆ రోగి మొహంలో వెలుగు వచ్చేది. అది ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరూ అడగలేదు. ఆ పీట మీది గంట నుంచి వచ్చింది. నీళ్లన్నీ తోడుకుంటూ, బావిలో ఊట పడే టైము ఇవ్వకపోతిమి. సమాధి రాయి మీద "గొప్ప సేవకురాలు" అని చెక్కమని నన్నే అడిగారు. మేస్త్రీని కదా. నేను చెక్కనన్నాను. ఆ రాయి ఇంకా ఉత్తగానే ఉంది.

మట్టి చేసి వచ్చిన మర్నాడు కోడలు ఆ పుస్తకం నా చేతిలో పెట్టింది. "అత్త ఆపిన కాడ్నే ఉన్నది మామా. నేను కదపలే," అంది. అంచు ముక్క దగ్గర తెరిచాను. ఇటువైపు చదివినవి, అటువైపు చదవనివి. మిగిలిన కాగితాలను బొటనవేలూ చూపుడువేలూ నడుమ పట్టి కొలిచాను. నా చిటికెనవేలు మందం. అంతే మిగిలింది. నేను దాటినన్నిసార్లు దాటకపోయి ఉంటే అది ఎప్పుడో అయిపోయేది.

ఇప్పుడు రోజూ తెల్లారి ఆ ఇంటికి పోతున్నాను. కోడలు పీట వేస్తుంది. చెంబు నిండా నీళ్లు పోసి గడప మీద నేనే పెడతాను. వేలు పెట్టి, వదినె నేర్పిన అక్షరాలనే కూడబలుక్కుని చదువుతాను. ఆమెకంటే నిదానం నాది. గంటకు అరపేజీ కావడం కష్టం. పక్కింటామె గోడ అవతల పిడకలు చేసుకుంటూ వింటుంది. నేను తట్టుకున్నప్పుడు నవ్వు ఆపుకుంటుందని తెలుసు.

మొన్న చర్చి తాళంచెవుల కోసం అయ్యగారు వచ్చారు. చెవుల గుత్తి ఇంకా ఈ ఇంట్లోనే గూట్లో ఉంది. చెప్పులు బయట విడిచి, "పెద్దయ్యగారూ," అన్నారు. నేను తల ఎత్తలేదు. వేలు కింద ఉన్న మాట ఇంకా పూర్తి కాలేదు. ఆయన కాలు ఎత్తారు. ఆ కాలు గడప మీద, చెంబు పైన, గాలిలో ఒక్క క్షణం ఆగింది. గోడ అవతల పక్కింటామె చేతిలో పేడ అట్లాగే పట్టుకుని చూస్తోంది. అయ్యగారు చెంబు వైపు చూశారు. కాలు వెనక్కు తీసుకున్నారు. చెప్పుల పక్కన, వాకిట్లో, చేతులు కట్టుకుని నిలబడ్డారు.

నేను చదువుతూ పోయాను. ఎండ మెల్లగా గడప మీదికి పాకి చెంబు మూతిని తాకింది. లోపల నీళ్లు కదలకుండా నిండుగా ఉన్నాయి.